టెన్షన్ తగ్గాలంటే ఏ దారి? నడక, ప్రాణాయామం, ధ్యానం, కౌన్సెలింగ్, మందులు: ఎవరికి ఏది నప్పుతుంది

టెన్షన్‌గా ఉంటోందని నలుగురిలో అని చూడండి, సలహాలకు కొదవుండదు. పెద్దాయనెవరో ప్రాణాయామం మొదలుపెట్టమంటారు. పక్కింటావిడ పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరానికి వెళ్లి రమ్మంటుంది. ఆఫీసులో ఒకరు కౌన్సెలర్ నంబరు పంపిస్తారు. మందుల షాపతను "రాత్రికి ఒక చిన్న బిళ్ల వేసుకోండి సార్, హాయిగా పడుకుంటారు" అంటాడు. ఆ చివరి సలహా తప్ప మిగిలినవన్నీ ఎవరో ఒకరికి పనికొచ్చేవే. కానీ ఎవరికి వారు తమకు పనిచేసినదే చెబుతారు. మీ గాబరా ఎలాంటిదని ముందుగా అడిగేవాళ్లు తక్కువ.

ఆ ప్రశ్నకు జవాబు తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్టే. అందుకే దారుల సంగతి చెప్పేముందు, వాటిని వేటితో కొలవాలో చూద్దాం.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

ఎక్కడ మొదలవుతోంది? కొందరికి ఒంట్లో మొదలవుతుంది. గుండె దడ, చేతులు చల్లబడటం, కడుపులో తిప్పడం, ఊపిరి చాలనట్టు ఉండటం. కొందరికి తలలో. పడుకోగానే రేపటి మీటింగు, అమ్మాయి ఫీజు, నాన్నగారి షుగరు వరసగా గుర్తొస్తాయి, ఒకటి వదిలితే ఇంకొకటి పట్టుకుంటుంది. మరికొందరికి బయటే ఉంటుంది కారణం. అప్పు, కోర్టు కేసు, ఇంట్లో రోజూ గొడవ. మొదటివారికి బాగా పనిచేసేది మూడోవారికి దాదాపు దండగ.

ఎంత ఉంది, ఎన్నాళ్లుగా ఉంది? దీనికి డాక్టర్లు 2006 నుంచి వాడుతున్న జీఏడీ-7 అనే ఏడు ప్రశ్నల పట్టిక ఉంది. గత రెండు వారాల్లో కంగారు, ఆపుకోలేని ఆలోచనలు, చిరాకు, కుదురుగా కూర్చోలేకపోవడం లాంటివి ఎన్ని రోజులు ఉన్నాయో చూసి ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3 దాకా మార్కులు వేసుకోవాలి. మొత్తం 21. ఐదు నుంచి తేలికపాటిది, 10 నుంచి మధ్యస్థం, 15 నుంచి తీవ్రం. ఇది జబ్బును తేల్చే పరీక్ష కాదు. కానీ 10 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే సొంత వైద్యంతో నెట్టుకురాకుండా ఒకసారి చూపించుకోవడం మంచిది.

బాగాలేని రోజున కూడా చేయగలరా? నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. మనసు బాగున్న ఆదివారం నాడు గంటసేపు ధ్యానం ఎవరైనా చేస్తారు. నిద్ర చాలక, ఆఫీసులో మాట పడి, ఇంటికొచ్చిన గురువారం రాత్రి ఏది చేయగలరో అదే మీ దారి.

డబ్బు, సమయం, గుట్టు. రెండు గదుల ఇంట్లో ఆరుగురు ఉంటే తలుపేసుకుని వీడియోలో కౌన్సెలర్‌తో అత్తగారి గురించి మాట్లాడటం కుదరదు. ఆగిన కారులో కూర్చుని, డాబా మీదికెక్కి మాట్లాడుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, చాలామంది రెండో సెషన్‌తోనే మానేయడానికి ఇదీ ఒక కారణం.

ఇంకొక్క మాట. థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తున్నా గుండె దడ, చెమటలు, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం ఉంటాయి. రక్తం తక్కువైనా ఆయాసం, దడ వస్తాయి. ఈమధ్యే మొదలైన గాబరా అయితే ముందు ఒక రక్తపరీక్ష చేయించుకోండి. ఛాతీలో నొప్పి మొదటిసారి వచ్చినప్పుడైతే అది గ్యాసనో టెన్షననో మీరే తేల్చేయకండి, ఆసుపత్రికి వెళ్లండి. ఈసీజీ బాగుందని వాళ్లు చెప్పాకే ఈ వ్యాసం సంగతి.

## ఒక్క చూపులో

| దారి | ఎప్పటికి తెలుస్తుంది | రోజుకు పట్టే సమయం | ఖర్చు | ఎక్కడ బెడిసికొడుతుంది |
|---|---|---|---|---|
| కారణం మీదే పనిచేయడం | కారణాన్ని బట్టి | చెప్పలేం | చెప్పలేం | మార్చలేని కారణమైతే |
| నెమ్మది శ్వాస | నిమిషాల్లో | 5–10 నిమిషాలు | లేదు | ఊపిరి మీద దృష్టి పెడితేనే భయం పెరిగేవారికి |
| నడక, వ్యాయామం | ఆ పూటే కొంత, స్థిరంగా కొన్ని వారాల్లో | 30 నిమిషాలు | దాదాపు లేదు | ఎండ, వాన, మోకాళ్లు, చీకటి |
| ధ్యానం | 6–8 వారాలు | 10–45 నిమిషాలు | లేదు నుంచి కొన్ని వేల దాకా | తీవ్రమైన కుంగుబాటు, పాత గాయాలు ఉన్నవారికి |
| కౌన్సెలింగ్ | 4–6 సెషన్లు | వారానికి గంట, ఇంట్లో కొంత అభ్యాసం | ప్రైవేటులో ఎక్కువ | సరైన మనిషి దొరకకపోతే |
| డాక్టర్ రాసే రోజువారీ మందులు | 2–6 వారాలు | ఒక నిమిషం | తక్కువ | మధ్యలో మానేస్తే |
| టెలి మానస్ (ప్రభుత్వ ఉచిత మానసిక సహాయ ఫోన్) | వెంటనే | ఒక్క ఫోన్ కాల్ | లేదు | దీర్ఘకాలం నడిపించుకోవడానికి చాలదు |

## కారణం మీదే పనిచేయడం

సలహాలిచ్చేవాళ్లు ఎక్కువగా దాటేసే దారి ఇది. అప్పువాళ్ల ఫోన్లతో వణికిపోతున్న మనిషికి అనులోమ విలోమం నేర్పితే ఆ పది నిమిషాలే ప్రశాంతత, మళ్లీ ఫోన్ మోగేదాకా. అతనికి ముందు తెలియాల్సింది వేరే. రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు స్పష్టంగా చెప్పింది. బంధువులకు, స్నేహితులకు ఫోన్ చేసి పరువు తీయకూడదనీ చెప్పింది. ఆన్‌లైన్ మోసమైతే సైబర్ నేరాల నంబరు 1930 ఉంది. బ్యాంకు మేనేజరును కలిసి వాయిదాలు తగ్గించి గడువు పెంచమని అడగవచ్చు. ఇవి చేసిన రాత్రి పట్టే నిద్ర వేరు.

మీ టెన్షన్ ఈ రకమో కాదో తెలుసుకోవడం తేలికే. కాగితం మీద భయాలన్నీ రాయండి. ఒక్కోదాని పక్కన "ఈ వారం నేను చేయగలిగిన పని" అని ఒక గడి పెట్టండి. సగానికి పైగా గడులు నిండితే మీకు మొదట కావాల్సింది లాయరో, అకౌంటెంటో, ఇంట్లో ఒక సూటి మాటో. గడులన్నీ ఖాళీగా ఉండి, భయాలన్నీ "ఒకవేళ అలా అయితే" అన్నవే అయితే కింది దారులు చూడండి.

## నెమ్మది శ్వాస

ఊపిరి వదిలేటప్పుడు గుండె కొద్దిగా నెమ్మదిస్తుంది, పీల్చేటప్పుడు వేగం పుంజుకుంటుంది. అందుకే పీల్చేదానికన్నా వదిలేది పొడుగ్గా ఉండాలి. నాలుగు లెక్కపెట్టేదాకా ముక్కుతో పీల్చి, ఆరు లెక్కపెట్టేదాకా వదిలితే నిమిషానికి ఆరు శ్వాసలవుతాయి. అంతే విద్య. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు రోజుకు ఐదు నిమిషాల చొప్పున నెల రోజులు రకరకాల శ్వాస పద్ధతులను ధ్యానంతో పోల్చి చూశారు. ఆందోళన అన్నిటితోనూ తగ్గింది. మనసు ఉల్లాసం మాత్రం నిశ్వాసాన్ని పొడిగించే పద్ధతిలో ఎక్కువ పెరిగింది.

మనవాళ్లు ఇక్కడే ఒక పొరపాటు చేస్తుంటారు. గాబరా వచ్చినప్పుడు "గట్టిగా గాలి పీల్చుకో" అంటారు. అప్పటికే ఎక్కువ పీల్చేస్తున్న మనిషి ఇంకా పీలిస్తే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి తల తిరుగుతుంది, వేళ్లు, పెదాలు తిమ్మిరెక్కుతాయి. అది చూసి ఇంకా భయం. కపాలభాతి, భస్త్రిక లాంటి వేగమైనవి కూడా అప్పుడు వద్దు. బీపీ ఎక్కువున్నవారికి, గర్భిణులకు అవి అసలే వద్దు.

సిటీ బస్సులో, ఇంటర్వ్యూ గది బయట, మీటింగులో అందరి ఎదుట, ఎవరికీ తెలియకుండా చేసుకోగలిగేది ఇదొక్కటే. ఒంట్లో మొదలయ్యే గాబరాకు మొదటి ఎంపిక. తలలో తిరిగే ఆలోచనలకు సహాయమే కానీ వైద్యం కాదు. కొద్దిమందికి ఊపిరిని గమనించడమే భయం పుట్టిస్తుంది. వాళ్లు దీన్ని బలవంతంగా సాధించనక్కర్లేదు, లేచి నడవడం మేలు.

## నడక, వ్యాయామం

వారానికి 150 నిమిషాలు చాలు. అంటే రోజుకు అరగంట, ఐదు రోజులు. మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేనంత వేగం. దీనికి నేను ఎక్కువ మార్కులు వేయడానికి ఒక కారణముంది. గుండె దడ అంటేనే భయపడిపోయేవాళ్లకు, దడ వచ్చినా ఏమీ కాదని ఒంటికి రోజూ నేర్పేది వ్యాయామమే. మెట్లెక్కితే కొట్టుకున్న గుండె కాసేపటికి సర్దుకుంటుంది. గాబరాలో కొట్టుకున్నదీ అలాగే సర్దుకుంటుందని మాటలతో చెబితే నమ్మకం కుదరదు.

అడ్డంకులు మన దగ్గర వేరు. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఉదయం ఏడు దాటితే నడవలేం. సాయంత్రం చీకటి పడితే ఆడవాళ్లకు అన్ని వీధులూ ఒకటి కావు. అలాంటప్పుడు డాబా, అపార్ట్‌మెంట్ మెట్లు, ఇంట్లో పది సూర్యనమస్కారాలు. తోడు ఉంటే మానేయడం తగ్గుతుంది. ఆ తోడు దారి పొడుగునా తన కష్టాలు చెప్పే రకం కాకపోతే ఇంకా మంచిది.

## ధ్యానం

ధ్యానం అనే ఒక్క పేరు కింద మూడు వేర్వేరు సరుకులు దొరుకుతాయి.

మొదటిది ఫోన్‌లో యాప్ పెట్టుకుని రోజుకు పది నిమిషాలు. తేలిక, చవక, మానేయడమూ అంతే తేలిక. రెండోది ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణాన్ని ఉన్నదున్నట్టు గమనించే ధ్యానం) కోర్సు. 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో జాన్ కబాట్-జిన్ మొదలుపెట్టాడు. వారానికి ఒక తరగతి, ఇంట్లో రోజుకు ముప్పావుగంట సాధన. ఇప్పుడు ఆన్‌లైన్‌లోనూ దొరుకుతోంది. పరిశోధనలు ఎక్కువగా జరిగింది దీని మీదే.

మూడోది పది రోజుల విపశ్యన. విపశ్యన గురువు ఎస్.ఎన్. గోయెంకా పద్ధతిలో భారతదేశంలో మొదలైన తొలి కేంద్రాల్లో ఒకటి హైదరాబాద్‌లోనే ఉంది, నాగార్జునసాగర్ రోడ్డులోని ధమ్మఖేత్త. నాగార్జునసాగర్‌లో మరో కేంద్రం ఉంది. పది రోజులూ మౌనం, ఫోన్ ఉండదు, తెల్లవారుజామున నాలుగింటికి గంట, రోజుకు దాదాపు పది గంటలు కూర్చోవడం. రుసుము లేదు, అయ్యాక ఇష్టమైతే విరాళం. వెళ్లొచ్చినవాళ్లు ఎంత మెచ్చుకున్నా సరే, గాబరా పతాకస్థాయిలో ఉన్నప్పుడు మొదటి ప్రయత్నంగా దీన్ని ఎంచుకోవద్దంటాను. మాట్లాడేవారు లేకుండా పది గంటలు తన తలతో తాను ఉండటం అప్పుడు మందు కాదు, పరీక్ష. తీవ్రమైన మానసిక సమస్యలు ఉన్నవారు రావద్దని ఆ కేంద్రాలే దరఖాస్తులో అడిగి చెబుతాయి. అక్కడ దాచకుండా రాయండి. కాస్త కుదుటపడ్డాక వెళితే అదే కోర్సు వేరుగా ఉంటుంది.

కూర్చోలేనివారికి, కళ్లు మూసుకుంటే ఆలోచనలు దాడి చేసేవారికి యోగనిద్ర నయం. పడుకుని, చెప్పే గొంతును వింటూ ఒంట్లో ఒక్కో భాగాన్ని సడలించడమే. నిద్రపోయినా నష్టం లేదు.

## కౌన్సెలింగ్

ఆలోచనలు తలలో గిర్రున తిరిగేవారికి నా ఓటు దీనికే. అందులోనూ సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అనే పద్ధతికి. 1960ల్లో అమెరికా డాక్టర్ ఆరన్ బెక్ దీన్ని తీర్చిదిద్దాడు. చిన్నప్పటి కథలన్నీ తవ్వకుండా, ఇప్పుడు మీ తల ఏ లెక్క వేస్తోంది, ఆ లెక్క సరైనదేనా అని చూస్తారు. మేనేజరు "ఒకసారి రండి" అని మెసేజ్ పెట్టాడు. మీ తల వెంటనే "ఉద్యోగం పోయింది" అని తీర్పు చెప్పింది. ఇంతకుముందు అలా పిలిచినప్పుడల్లా ఏం జరిగింది? రాసి చూస్తే చాలాసార్లు ఏదో ఫైలు గురించే. తర్వాతి మెట్టు, భయంతో తప్పించుకుంటున్న పనులను చిన్నవాటితో మొదలుపెట్టి ఒక్కొక్కటే చేయడం. కష్టమంతా ఇక్కడే ఉంది, ఫలితమూ ఇక్కడే. మామూలుగా 8 నుంచి 16 సెషన్లు పడుతుంది, ప్రతివారం ఇంట్లో చేయాల్సిన పనీ ఇస్తారు. ఆ పని చేయనివాళ్లకు డబ్బు దండగ.

ఖర్చు దగ్గరే చాలామంది ఆగిపోతారు. పెద్ద నగరాల్లో సెషన్‌కు వెయ్యి నుంచి రెండున్నర వేల దాకా అడగడం మామూలే. కాబట్టి మొదటి ఫోన్‌లోనే మూడు ప్రశ్నలు అడగండి. మీ అర్హత ఏమిటి? సుమారు ఎన్ని సెషన్లు పట్టవచ్చు? తెలుగులో మాట్లాడతారా? క్లినికల్ సైకాలజిస్టు అయితే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, అడిగితే చెప్పాలి. కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకున్న అందరికీ అది ఉండదు. భాష సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. అత్తగారు అన్న మాటను ఇంగ్లీషులోకి మార్చి చెప్పే సరికి అందులోని పోటు సగం పోతుంది.

"కాస్త అడ్జస్ట్ అవ్వాలమ్మా" అని మొదటి గంటలోనే తీర్పు చెప్పేవాళ్లు, జాతకం అడిగేవాళ్లు, మీకంటే ఎక్కువ మాట్లాడేవాళ్లు దొరికితే మారిపోండి. ఒకరితో కుదరలేదంటే కౌన్సెలింగే పనిచేయదని అర్థం కాదు. మూడో సెషన్ అయ్యేసరికి "మనం దేని మీద పనిచేస్తున్నాం" అన్నది మీకు స్పష్టంగా తెలిసి ఉండాలి.

డబ్బు లేకపోతే? హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. అక్కడి రద్దీలో గంటసేపు మాట్లాడే తీరిక దొరకడం కష్టం, మందులు రాయడమే ఎక్కువ. మాటసాయానికి కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలి మానస్ ఉంది. నంబరు 14416. రోజంతా ఉచితం, తెలుగులో మాట్లాడతారు, అవసరమైతే దగ్గరలోని ఆసుపత్రికి పంపుతారు. చచ్చిపోవాలనే ఆలోచన వస్తుంటే ఈ పోలికలేవీ చదువుతూ కూర్చోవద్దు. ఇంట్లో ఒకరికి చెప్పండి, ఇప్పుడే ఆ నంబరుకు ఫోన్ చేయండి.

## మందులు

ఇవి రెండు రకాలు. ఈ రెండింటినీ కలిపేసి చూడటం వల్లే మందులంటే భయమూ, మందులతో ప్రమాదమూ రెండూ వస్తున్నాయి.

మొదటి రకం రోజూ వేసుకునేవి: ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటివి. వేసుకున్న పూట ఏమీ తెలియదు. రెండు వారాలు దాటాక మెల్లగా మొదలై, పూర్తి ప్రభావానికి ఆరు వారాలు, కొందరికి ఇంకాస్త పడుతుంది. పైగా మొదటి వారం వికారం, తలనొప్పి, ఒక్కోసారి కంగారే కాస్త పెరగడం ఉంటాయి. సరిగ్గా ఆ వారంలోనే చాలామంది "పడలేదు" అని మానేస్తారు. దాంపత్య జీవితంలో ఆసక్తి తగ్గడమూ ఉంటుంది, సిగ్గుపడి చెప్పకపోతే డాక్టర్‌కు తెలియదు. మోతాదో మందో మార్చే వీలుంది. తగ్గాక కూడా ఆరు నెలల నుంచి ఏడాది దాకా కొనసాగించమంటారు. ఆపేటప్పుడు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. ఒక్కసారిగా మానేస్తే తల తిరగడం, ఒళ్లు జిల్లుమనడం, చిరాకు వస్తాయి. అది వ్యసనం కాదు, కానీ భయపెడుతుంది.

రెండో రకం అల్ప్రాజొలామ్, క్లొనజెపామ్. గంటలోపే గాబరా దిగిపోతుంది. ఇదే దీని గొప్ప, ఇదే దీని ముప్పు. వారాల తరబడి రోజూ వేసుకుంటే ఒళ్లు అలవాటు పడుతుంది, అదే మోతాదు చాలదు, మానేస్తే మొదటికన్నా ఎక్కువ గాబరా. బండి నడపకూడదు, మద్యంతో కలిపితే ప్రాణాపాయం. రెండూ డాక్టర్ చీటీ మీదే అమ్మాల్సినవి. అల్ప్రాజొలామ్ అయితే షెడ్యూల్ హెచ్1 అనే కట్టుదిట్టమైన జాబితాలో ఉండటంతో, చీటీ చూసి, పేరు రిజిస్టర్‌లో రాసుకునే అమ్మాలని 2014 నుంచి నిబంధన. చీటీ లేకుండా ఇచ్చే షాపు మీకు మేలు చేస్తున్నట్టు కాదు. మొదటి రకం పనిచేయడం మొదలయ్యేదాకా కొద్ది రోజులకు డాక్టర్ రాస్తే, ఎప్పుడు ఆపాలో ఆ చీటీ మీదే రాయించుకోండి.

మద్యాన్ని టెన్షన్ మందుగా వాడేవారికి ఒకటే లెక్క: రాత్రి పోయిన గాబరా తెల్లవారుజామున మూడింటికి, నిద్ర చెడగొట్టి, ఎక్కువై వస్తుంది. అశ్వగంధ విషయంలో నేను అంత కఠినంగా ఉండను. కొందరికి కాస్త నిదానమిస్తుంది. కానీ కాలేయం దెబ్బతిన్న సందర్భాలు నమోదయ్యాయి, థైరాయిడ్ మందులు వాడేవారు, గర్భిణులు దూరంగా ఉండాలి. సహజమైనది కాబట్టి డాక్టర్‌కు చెప్పనక్కర్లేదు అనుకోవద్దు.

## ధ్యానమా, మందులా?

దీనికి సూటి జవాబు ఒకటుంది. ఆందోళన రుగ్మతలున్న 276 మందిని రెండు జట్లు చేసి అమెరికాలో పరీక్షించారు, ఫలితాలు 2022లో వచ్చాయి. ఒక జట్టుకు ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ కోర్సు, మరో జట్టుకు ఎస్సిటలోప్రామ్. ఎనిమిది వారాలయ్యేసరికి రెండు జట్లలోనూ ఆందోళన దాదాపు సమానంగా తగ్గింది. ఏదో ఒక దుష్ఫలితం కనిపించింది మందు జట్టులో నూటికి 79 మందికి, ధ్యానం జట్టులో 15 మందికి.

ధ్యానం గెలిచిందని ఎగిరి గంతేసేముందు ఒకటి చూడాలి. వాళ్లు చేసింది పడుకునేముందు ఐదు నిమిషాల యాప్ కాదు. వారానికి రెండున్నర గంటల తరగతి, ఒక రోజంతా శిబిరం, రోజూ ఇంట్లో ముప్పావుగంట. ఇద్దరు పిల్లలను స్కూలుకు పంపి, రెండు పూటలా వండి, ఉద్యోగానికి వెళ్లే ఆవిడకు ఆ ముప్పావుగంట ఎక్కడి నుంచి వస్తుంది? ఆమె మందు ఎంచుకుంటే అది బలహీనత కాదు, రోజుకున్న గంటల లెక్క. సమయముండి, మందులంటే వెనకాడేవారు ధ్యానాన్ని అంత గట్టిగానూ చేయాలి. సగం చేస్తే సగం ఫలితమైనా వస్తుందని ఆ పరీక్ష చెప్పలేదు.

కౌన్సెలింగా, మందులా అన్నదానికి జీఏడీ-7 మార్కులు కొంత దారి చూపుతాయి. 15 దాటి, వంట చేయడమో ఆఫీసుకు వెళ్లడమో కూడా ఆగిపోయి ఉంటే మందుతో మొదలుపెట్టి, కుదురు చిక్కాక కౌన్సెలింగ్ చేర్చుకోవడం మేలు. అంతకన్నా తక్కువైతే కౌన్సెలింగ్ ముందు. అక్కడ నేర్చుకున్నది మానేశాకా మిగులుతుంది.

## ఎవరికి ఏది

ఇంటర్, ఎంట్రన్స్ పరీక్షల పిల్లలు. నిద్ర, అరగంట ఆట, నెమ్మది శ్వాస. ఈ మూడింటిలో హాస్టళ్లు మొదట కోసేసేది నిద్రనే. తల్లిదండ్రులు చేయగలిగిన పెద్ద సాయం మార్కుల ప్రస్తావన లేని ఒక ఫోన్ కాల్. మందులు అవసరమైతే తప్పుకాదు, కానీ 25 ఏళ్లలోపు వారిని మొదటి వారాల్లో ఇంట్లోవాళ్లు కనిపెట్టుకుని ఉండాలి.

రాత్రి షిఫ్టుల ఐటీ ఉద్యోగులు. ముందు కాఫీ లెక్క చూడండి. తాగిన కెఫీన్‌లో సగం ఐదు గంటల తర్వాతా ఒంట్లోనే ఉంటుంది. షిఫ్టు చివర్లో తాగింది పగటి నిద్రను తినేస్తుంది. చాలా కంపెనీలు ఉద్యోగులకు కొన్ని ఉచిత కౌన్సెలింగ్ సెషన్లు ఇస్తాయి, అడిగేవాళ్లే ఉండరు. మానసిక వైద్యుడిని కలిసిన వివరాలు మీ అనుమతి లేకుండా బయటపెట్టకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. అదే చట్టం మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలంది. అయితే చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే ఇస్తాయి, ఓపీ ఖర్చులు మీవే.

బాలింతలు. బిడ్డకు ఏమవుతుందోనన్న భయంతో రాత్రంతా మేలుకోవడం, బిడ్డ పడుకున్నా నిద్రపట్టకపోవడం "అందరికీ ఉండేదే" అని తోసేయకండి. పాలిచ్చే తల్లులు వాడదగ్గ మందులున్నాయి. ఇక్కడ ధ్యానం సలహా క్రూరంగా వినిపిస్తుంది. మొదట ఎవరైనా బిడ్డను చూసుకుని ఆమెను నాలుగు గంటలు ఏకధాటిగా పడుకోనివ్వాలి.

అరవై దాటినవారు, పిల్లలు విదేశాల్లో ఉన్నవారు. నడక, పగటిపూట నలుగురి మధ్య గడపడం మొదటి వరస. నిద్రమాత్రల జోలికి వెళ్లొద్దు, రాత్రి బాత్రూమ్‌కు లేచి తూలి పడటం, మతిమరుపు వీటితో వస్తాయి. రోజువారీ మందులూ కొందరిలో సోడియం తగ్గిస్తాయి కాబట్టి రక్తపరీక్ష గుర్తుచేయండి.

అమెరికాలో ఉన్నవారు. వీసా, లేఆఫ్ భయాలు సగం బయటి కారణాలే, లాయర్‌తో ఒక గంట చాలా ఆలోచనలను ఆపుతుంది. తెలుగులో మనసు విప్పాలనుకుంటే ఇండియా కౌన్సెలర్‌తో వీడియోలో మాట్లాడేవారున్నారు. మందులకు మాత్రం అక్కడి డాక్టరే కావాలి. అత్యవసరమైతే అక్కడి మానసిక సంక్షోభ సహాయ నంబరు 988.

## ఎన్నాళ్లు చూడాలి, తర్వాత ఏం చేయాలి

ఒకేసారి నాలుగు మొదలుపెడితే ఏది పనిచేసిందో తెలియదు, రెండో వారానికి నాలుగూ పోతాయి. ఒంటికి ఒకటి, తలకు ఒకటి చాలు. శ్వాస, నడకలకు నాలుగు వారాలు, కౌన్సెలింగ్‌కు ఆరు సెషన్లు, మందులకు ఆరు వారాలు గడువు పెట్టుకోండి. మొదటి రోజు జీఏడీ-7 మార్కులు కేలండర్ మీద రాయండి, గడువు రోజున మళ్లీ వేయండి. ఐదు మార్కులు తగ్గితే అదే దారిలో సాగండి. కదలకపోతే పై మెట్టుకు వెళ్లండి: నడక నుంచి కౌన్సెలర్‌కు, కౌన్సెలర్ నుంచి డాక్టర్‌కు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ మార్కులు, నిద్ర గంటలు, ఎప్పుడు మొదలైందో నాలుగు వరసల్లో రాసుకెళ్లండి. అక్కడికి వెళ్లాక సగం గుర్తుండదు. వాడుతున్న మందులన్నీ, షాపులో అడిగి కొన్నవీ, ఆయుర్వేదం పేరుతో వేసుకునేవీ, ఒక కవర్లో పెట్టి తీసుకెళ్లండి. మళ్లీ ఎప్పుడు రావాలో, ఈలోగా ఇబ్బందైతే ఏ నంబరుకు చేయాలో చీటీ మీద రాయించుకునే బయటికి రండి.